ముందు ఆట, తర్వాతే కెమెరా

శ్రోతలకు నమస్కారం.

ఆటల ఫోటోలు తీయడం వృత్తిగా పెట్టుకోవాలనుకునే పిల్లలు సాధారణంగా అడిగేది ఏ కెమెరా కొనాలని. నేను వాళ్లను తిరిగి అడుగుతాను, మీకు ఏ ఆట బాగా తెలుసు అని. ఈ పనిలో నిలబడటం చాలావరకు ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

కబడ్డీనే తీసుకోండి. సంక్రాంతికి, జాతరలకు మన ఊళ్లలో పోటీలు పెడతారు. కొత్తవాళ్లు నేరుగా వెళ్లి మధ్య గీత పక్కన కూర్చుంటారు. ఆట దగ్గరగా కనబడుతుంది, నిజమే. కానీ కూతకు వెళ్లినవాణ్ణి నలుగురు ఒడిసిపట్టినప్పుడు అతను ఎటు పాకుతాడు? మధ్య గీత వైపు, తన జట్టు వైపు. ముఖం అటే, చాచిన చెయ్యీ అటే. అందుకని అతని జట్టు వెనక, కోర్టు చివర నేల మీద కూర్చోవాలి. అప్పుడు గీత, దాన్ని అందుకోబోతున్న వేళ్లు, బిగించిన పళ్లు, వెనక కాళ్లు పట్టి లాగుతున్నవాళ్లు, అందరూ ఒకే ఫోటోలో పడతారు. ఇది కబడ్డీ ఆడినవాడికో, ఏళ్లుగా చూస్తున్నవాడికో తెలిసే సంగతి.

బ్యాడ్మింటన్ లెక్క వేరు. హాలు లోపల ఆట, ఫ్లాష్ వాడనివ్వరు. స్మాష్ కొట్టే చేతిని స్పష్టంగా పట్టాలంటే కెమెరా షట్టర్ సెకనులో వెయ్యో వంతు కన్నా ఎక్కువసేపు తెరిచి ఉండకూడదు. కాబట్టి వెలుతురును బాగా లోపలికి రానిచ్చే ఎఫ్ 2.8 లెన్సు కావాలి, ఐఎస్ఓ, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి కూడా పెంచుకోవాలి. ఇది ఎవరైనా నేర్పుతారు. అయితే ఆఖరి పాయింట్ గెలిచాక చాలామంది క్రీడాకారులు తమ కోచ్ వైపు తిరుగుతారు. కోచ్ కోర్టు వెనక కుర్చీలో ఉంటాడు. ఆయన ఎక్కడ కూర్చున్నాడో మ్యాచ్ మొదలవక ముందే చూసుకున్నవాళ్లకు ఆ ఆనందం ఎదురుగా దొరుకుతుంది. మిగతావాళ్లకు వీపు దొరుకుతుంది.

1965 మే 25న అమెరికాలోని లూయిస్టన్ పట్టణంలో మహమ్మద్ అలీ, సోనీ లిస్టన్‌ల బాక్సింగ్ పోటీ జరిగింది. మొదటి రౌండ్‌లోనే లిస్టన్ కింద పడ్డాడు. అలీ అతని మీద నిలబడి, చెయ్యి మడిచి అరుస్తున్న ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు. తీసినవాడు నీల్ లైఫర్, అప్పటికి 22 ఏళ్లవాడు. ఆ ఫోటోలో అలీ కాళ్ల మధ్య నుంచి ఇంకో ఫోటోగ్రాఫర్ కనిపిస్తాడు. ఆయన లైఫర్ కన్నా ఎంతో అనుభవమున్న హెర్బ్ షార్ఫ్‌మన్. ఆ క్షణాన ఆయనకు దక్కింది అలీ వీపే. లైఫర్‌ది అదృష్టం కాదని నేననను. కానీ ఆ అబ్బాయి చిన్నప్పటి నుంచి స్టేడియాల చుట్టూ తిరిగినవాడు. న్యూయార్క్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు వచ్చే వికలాంగ సైనికుల చక్రాల కుర్చీలు తోస్తూ మైదానంలోకి వెళ్లేవాడు. సరిగ్గా తన 16వ పుట్టినరోజున, 1958 డిసెంబర్ 28న, ఆ ఆటలో ఛాంపియన్‌షిప్‌ను తేల్చిన ఆఖరి పాయింట్లు సాధించిన క్షణాన్ని ఫోటో తీశాడు. రింగు పక్కన అదృష్టం తలుపు తట్టే నాటికి అతని చెయ్యి తయారుగా ఉంది.

మన దగ్గర ఆ తయారీకి జిల్లా పోటీలను మించిన చోటు లేదు. పాసుల గొడవ తక్కువ, దగ్గరికి రానిస్తారు. ముఖ్యంగా అమ్మాయిల ఖోఖో, వెయిట్‌లిఫ్టింగ్ పోటీలకు వెళ్లండి. అక్కడ కెమెరాలు ఉండవు, ఆ సంగతి నన్ను నిజంగా బాధపెడుతుంది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ, 2000లో సిడ్నీలో మెరిసిన కరణం మల్లీశ్వరి, శ్రీకాకుళం జిల్లా అమ్మాయే. ఇవాళ మీరు తీసిన పిల్ల రేపు దేశానికి ఆడితే ఆ పాత ఫోటోల కోసం పత్రికలు వెతుక్కుంటూ వస్తాయి. చిన్నపిల్లలైతే కోచ్‌నూ తల్లిదండ్రులనూ ముందే అడగండి.

డబ్బు మాటకొస్తే, దూరాన్ని దగ్గరగా చూపే 400 మిల్లీమీటర్ల ఎఫ్ 2.8 లెన్సు 10 లక్షల రూపాయలు దాటుతుంది. అప్పు చేసి కొనొద్దు, అద్దెకు దొరుకుతుంది. కబడ్డీ, వాలీబాల్, బ్యాడ్మింటన్‌లకు 70-200 లెన్సు చాలు. పత్రికల మీదే ఆధారపడితే ఇల్లు గడవడం కష్టం. అకాడమీలు, స్కూలు ఆటల పోటీలు, మారథాన్ నిర్వాహకులు, లీగ్ జట్ల సోషల్ మీడియా, ఇవన్నీ కలిస్తేనే నెల గడుస్తుంది.

ఫోటో ఎంత బాగున్నా ఆలస్యంగా పంపితే ఎవరికీ అక్కర్లేదు. మ్యాచ్ నడుస్తుండగానే ఎంచుకుని, ఎవరు, ఎవరి మీద, ఏ రౌండ్, ఏ ఊరు, ఏ తేదీ అని రాసి పంపాలి. పేరు తప్పు పడితే ఆ ఎడిటర్ మళ్లీ పిలవడు. ఆటగాళ్ల పేర్లు, జెర్సీ నంబర్లు ముందురోజే రాసి పెట్టుకోండి.

చివరిగా హక్కుల సంగతి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి మీతో ఎవరైనా ఫోటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు దానికి మొదటి హక్కుదారు వాళ్లే. ఆ హక్కు ఫోటో తీసినవాళ్ల జీవితకాలమంతా, వాళ్లు పోయాక మరో 60 ఏళ్లు ఉంటుంది. అంటే ఒక అకాడమీ కోసం తీసిన ఫోటోను పదేళ్ల తర్వాత మీరు వేరేచోట అమ్మాలన్నా వాళ్లను అడగాల్సి రావచ్చు. పని ఒప్పుకునే రోజునే ఫోటోల మీద హక్కు ఎవరిదో, వాళ్లు ఎక్కడెక్కడ వాడుకోవచ్చో కాగితం మీద రాయించుకుని సంతకాలు పెట్టించండి. సెలవు, నమస్కారం.