హనియాలో ఒక సందు

శ్రోతలకు నమస్కారం.

గ్రీసుకు దక్షిణంగా, మధ్యధరా సముద్రంలో క్రీట్ అని ఒక పొడుగాటి దీవి ఉంది. దాని పడమటి కొసన హనియా అని పాత రేవు పట్టణం. ఆ రేవు వెనక ఒక ఇరుకు సందు, ఆ సందులో ఒక చిన్న కట్టడం. ఈ పూట నేను చెప్పబోయేది దాని కథే. అది యూదుల ప్రార్థనామందిరం, సినగాగ్. పేరు ఎత్స్ హయ్యిమ్.

క్రీట్ యూదులు నిన్నమొన్న వచ్చినవాళ్లు కారు. తెలుగు బైబిల్లో అపొస్తలుల కార్యాలు చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, పెంతెకొస్తు నాడు యెరూషలేములో ఉన్నవాళ్లను వరసగా చెబుతూ ‘క్రేతీయులు’ అంటారు. వాళ్లు ఈ దీవి నుంచి వెళ్లినవాళ్లే. అయిదో శతాబ్దంలో మోషే అని ఒకాయన ఇక్కడే బయల్దేరి, సముద్రం చీలి దారి ఇస్తుంది రమ్మన్నాడట. నమ్మి కొండకొమ్ము మీంచి దూకినవాళ్లలో కొందరు మునిగిపోయారు, కొందరిని జాలర్లు పట్టి పైకి లాగారు. ఆ తర్వాత రాజ్యాలు మారాయి. బైజాంటియం, వెనిస్, తురుష్కులు. వీళ్లు మాత్రం ఇంట్లో గ్రీకే మాట్లాడుకుంటూ ఉండిపోయారు. 1492లో స్పెయిన్ తరిమేసిన యూదులు కొందరు వచ్చి వీళ్లలో కలిశారు. ఇదంతా గబగబా చెప్పేస్తున్నాను, నాకున్న టైము కాస్తా ఆ సందులోని మందిరానికి కావాలి.

ఆ కట్టడం మొదట వెనిస్‌వాళ్ల నాటి చర్చి. పదిహేడో శతాబ్దంలో పట్టణం తురుష్కుల చేతికి వచ్చాక యూదుల పరమైంది. మీలో కొచ్చి వెళ్లి, మట్టాంచెర్రిలో పరదేశి సినగాగ్ చూసినవాళ్లు ఉంటారు. అక్కడ యూదుల ధర్మగ్రంథం చదివే వేదిక హాలు నడిమధ్యన, ఇత్తడి కటకటాలతో ఉంటుంది. హనియాలో అలా కాదు. గ్రంథపు చుట్టలు దాచే మందసం తూర్పు గోడకు, చదివే వేదిక దానికి ఎదురుగా పడమటి గోడకు. ఇది గ్రీకు యూదుల పాత పద్ధతి. పక్కనే మెట్లు దిగి మునగడానికి, ఊటనీటితో నిండే ఒక గుండం కూడా ఉంది.

ఇక 1944. అప్పటికి మూడేళ్లుగా క్రీట్ జర్మన్ సైన్యం చేతిలో ఉంది. మే 29 తెల్లవారుజామున యూదుల పేటను చుట్టుముట్టారు. పిల్లా పెద్దా కలిపి సుమారు 260 మందిని ఇళ్లలోంచి లేపి, ఊరికి కొంత దూరంలో ఉన్న ఆయియా జైలుకు తోలారు. వాళ్లు అటు వెళ్లారో లేదో, ఇటు ఇళ్లు లూటీ అయ్యాయి. కొన్ని రోజులకు లారీల్లో హెరాక్లియోన్ రేవుకు తీసుకెళ్లి టనాయిస్ అనే సరుకుల ఓడ ఎక్కించారు. ఆ ఓడలో గ్రీకు బందీలూ ఉన్నారు, ఇటలీ సైనిక బందీలూ ఉన్నారు. జూన్ 9, ఇంకా తెల్లారలేదు. వివిడ్ అనే బ్రిటిష్ సబ్‌మెరైన్ టార్పెడో వేసింది. ఓడ కడుపులో ఎవరున్నారో వేసినవాళ్లకు తెలియదు. కొన్ని నిమిషాల్లో ఓడ మునిగింది. యూదుల్లో ఒక్కరూ మిగల్లేదు.

తప్పు టార్పెడోదా అని వాదించేవాళ్లు ఉంటారు. నాకా వాదనలో రుచి లేదు. ఆ ఓడ ఒడ్డు చేరినా వాళ్లకు ముందున్నది ఆష్‌విట్జ్ దారే, జర్మన్లు యూదులను చంపడానికి పెట్టిన శిబిరం అది. నన్ను పట్టి కుదిపేది తేదీ. జూన్ 9 అంటే, జర్మన్లను తరమడానికి ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో మిత్రసైన్యాలు దిగి మూడు రోజులు.

మనుషులు పోయారు, మందిరం మిగిలింది. ఇల్లూ వాకిలీ లేనివాళ్లు అందులో కాపురం పెట్టారు. వాళ్లు పోయాక చెత్త చేరింది, కోళ్లు చేరాయి. అలా యాభై ఏళ్లు.

అప్పుడు వచ్చాడు నికోస్ స్టవ్రులాకిస్. తండ్రి క్రీట్ క్రైస్తవుడు, తల్లి ఇస్తాంబుల్ యూదురాలు. చిత్రకారుడు, ఏథెన్స్‌లో యూదు మ్యూజియం నిలబెట్టినవాడు, గ్రీకు యూదుల వంటల మీద పుస్తకం కూడా రాశాడు. 1996లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ కూలిపోయే ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో ఈ మందిరాన్ని చేర్చింది. జీర్ణోద్ధరణ ఆయన నెత్తిన వేసుకున్నాడు. 1999 అక్టోబరులో తలుపులు తెరిచారు.

ప్రార్థించే మనిషే లేని ఊళ్లో మందిరం ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఆయన దాన్ని అద్దాల బీరువాల మ్యూజియం చెయ్యలేదు. ప్రార్థన జరగాలన్నాడు, తలుపు తెరిచే ఉండాలన్నాడు. యూదులు, క్రైస్తవులు, ముస్లింలు, ఏ దేవుడూ లేనివాళ్లు, అందరూ వచ్చి కూర్చునేవారు.

2010 జనవరిలో రాత్రిపూట ఎవరో నిప్పు పెట్టారు. మసి కడిగి, సున్నం వేసి, ఊపిరి పీల్చుకునేలోపు అదే నెలలో మళ్లీ నిప్పు పెట్టారు. రెండోసారి లైబ్రరీ కాలిపోయింది. అరుదైన పుస్తకాలు, ఏళ్ల తరబడి కూడబెట్టిన కాగితాలు పోయాయి. మళ్లీ కట్టారు. తలుపు మళ్లీ తెరిచారు. ఇనుప గేట్లు వేసి కూర్చోమని సలహా ఇవ్వడం సులువే, ఆయన మాత్రం తలుపు తెరిచే ఉంచాడు. 2017లో కన్నుమూశాడు. మందిరం నడుస్తూనే ఉంది. ఏటా జూన్‌లో అక్కడ చేరి, టనాయిస్‌లో పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదువుతారు.

యూరప్‌లో ఉంటున్న మనవాళ్లు ఎండాకాలం సెలవులకు గ్రీసు దీవులకు బాగానే వెళ్తున్నారు కాబట్టి ఒక్క మాట. హనియా వెళ్తే, రేవు దగ్గర ఫొటోలు అయ్యాక కొండిలాకి వీధి అడగండి. అటూ ఇటూ హోటళ్లు, తినడానికి రమ్మని పిలుస్తుంటారు. అదే ఒకప్పటి యూదుల పేట. అందులోంచి చీలే చిన్న సందులో మందిరం ఉంది, బోర్డు చూసుకుంటూ నడవాలి, లేకపోతే దాటిపోతారు. శనివారం మాత్రం పెట్టుకోకండి, అది వాళ్ల విశ్రాంతి దినం, సందర్శకులను రానివ్వరు. వారం మధ్యలో, పొద్దున పూట వెళ్లండి.