కెమెరా ముందు ధర, కార్డు మీద కత్తెర

అందరికీ నమస్కారం. ఇక్కడికి వచ్చినవాళ్లలో చాలామంది ఇళ్లలో బాస్కెట్‌బాల్ కార్డులో బేస్‌బాల్ కార్డులో పోగేస్తున్న పిల్లలున్నారని చెప్పారు. అందుకే కార్డుల గురించి, పాత వస్తువులకు ధర చెప్పే టీవీ షోల గురించి కలిపి మాట్లాడతాను. మన ఊళ్లలో కూడా ఒకప్పుడు బబుల్‌గమ్‌తో పాటు క్రికెటర్ల బొమ్మలున్న చిన్న కార్డులు వచ్చేవి. ఆడుకున్నాం, నలిగిపోయాక పారేశాం. ఇక్కడ అమెరికాలో పారేయకుండా మిగిలినవాటి ధర ఎక్కడికి వెళ్లిందంటే, 1952లో టాప్స్ కంపెనీ వేసిన బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో కోటీ 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఒక అట్టముక్కలో అంత డబ్బున్నప్పుడు నకిలీ రాకుండా ఎలా ఉంటుంది?

నేను చెప్పదలచుకున్నది ఇది. టీవీలో నిపుణుడుగా కనిపించిన మనిషికి వచ్చే నమ్మకం కెమెరా ఆపేయగానే పోదు, అది అతని వెంట బజారుకి వస్తుంది, జనం ఇళ్లలోకి వస్తుంది. అందుకని "ఎంటర్‌టైన్‌మెంటే కదా, కాస్త సెటప్ చేస్తే ఏం పోయింది" అనే మాటను నేను ఒప్పుకోను.

యాంటిక్స్ రోడ్‌షో సంగతి చూడండి. బ్రిటన్‌లో బీబీసీ 1979లో మొదలుపెట్టింది, అమెరికాలో పీబీఎస్ 1997 నుంచి వేస్తోంది. జనం ఇంట్లో ఉన్న పాత వస్తువు పట్టుకొస్తారు, నిపుణుడు దాని చరిత్ర చెప్పి చివర్లో ధర చెబుతాడు, తెచ్చినవాళ్ల కళ్లు పెద్దవవుతాయి. అమెరికా షోలో నిపుణులకు డబ్బులివ్వరు, వాళ్లకు దక్కేది జనం కంట్లో పడటం, ఆ గుర్తింపుతో వచ్చే వ్యాపారం. దాంట్లో తప్పేమీ లేదు, చాలామంది నిజాయితీగానే చేశారు. కానీ ఈ అమెరికా షో తొలి రోజుల్లో రస్ ప్రిచార్డ్, జార్జ్ జూనో అని ఇద్దరు సైనిక వస్తువుల నిపుణులు వచ్చేవారు. ఒక ఎపిసోడ్‌లో ఒకాయన 1860ల్లో జరిగిన అమెరికా అంతర్యుద్ధం నాటి కత్తి తెచ్చి, అది ఇంట్లో పడి ఉండేదని, చిన్నప్పుడు దాంతో పుచ్చకాయలు కోసేవాణ్ణని చెప్పాడు. చూసినవాళ్లందరికీ నచ్చిన కథ. తర్వాత తేలిందేమిటంటే ఆ మనిషి వాళ్లకు ముందే తెలిసినవాడు, ఆ కథ ముందే అల్లుకున్నది.

ఇక్కడితో ఆగి ఉంటే టీవీ ట్రిక్ అని వదిలేసేవాళ్లం. 2001లో ఫెడరల్ ప్రాసిక్యూటర్లు కేసు పెట్టినప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది. ఆ నాటకం తమ వ్యాపారానికి పేరు తెచ్చుకోవడానికి ఆడారని ఆరోపించారు. అదే కేసులో ఇంకా ఘోరమైనవి ఉన్నాయి. ఆ అంతర్యుద్ధంలోనే గెటిస్‌బర్గ్ దగ్గర జరిగిన పోరులో పేరుపడ్డ జనరల్ పికెట్ వంశస్థుడి దగ్గర ఆయన వస్తువులు 87 వేల డాలర్లకు కొని, హారిస్‌బర్గ్‌లోని మ్యూజియానికి దాదాపు పదింతల ధరకు అమ్మారు. ప్రిచార్డ్ అయితే ఇంకో కుటుంబానికి మీ పూర్వీకుడి యూనిఫాం నకిలీది అని చెప్పి, దాన్ని దానంగా ఇచ్చేశామని నమ్మించి, అమ్మేసుకున్నాడు. నకిలీని అసలు అని అమ్మడమే మోసం అనుకుంటాం కదా, అసలుదాన్ని నకిలీ అని చెప్పి లాక్కోవడం అంతకంటే పెద్ద మోసం, ఎందుకంటే ఆ ఇంట్లోవాళ్లకు తాము పోగొట్టుకున్నామని కూడా తెలియదు. ఇద్దరూ నేరం ఒప్పుకున్నారు, ప్రిచార్డ్‌కు జైలు పడింది, 8 లక్షల 30 వేల డాలర్లు తిరిగి కట్టమన్నారు.

ఇప్పుడు కార్డుల్లోకి వద్దాం. కార్డుల లోకంలో అన్నిటికంటే పేరున్నది హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడి కార్డు. 1909, 1911 మధ్య అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చిన టీ206 సెట్‌లోది. వాగ్నర్ తన బొమ్మ వద్దన్నాడు కాబట్టి అచ్చు ఆగిపోయింది, ఇప్పుడు అరవై దాకా మాత్రమే ఉన్నాయంటారు. వాటిలో అన్నిటికంటే శుభ్రంగా, మూలలు పదునుగా ఉన్న ఒక కార్డును బిల్ మాస్ట్రో అనే డీలర్ 1985లో 25 వేల డాలర్లకు కొన్నాడు. తర్వాత అది చేతులు మారి 1991లో హాకీ ఆటగాడు వేన్ గ్రెట్‌స్కీ, అతని భాగస్వామి కలిసి సోత్‌బీస్ వేలంలో 4 లక్షల 51 వేలకు కొన్నారు. అదే ఏడాది పుట్టిన పీఎస్ఏ అనేది గ్రేడింగ్ కంపెనీ, అంటే కార్డు అసలుదేనా, ఎంత బాగుందో చూసి పదికి మార్కులేసి, నంబరిచ్చి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసే కంపెనీ. అది తన మొట్టమొదటి నంబరు ఆ కార్డుకే ఇచ్చింది, పదికి ఎనిమిది గ్రేడ్ వేసింది. తర్వాత అది ఒక సూపర్‌మార్కెట్ పోటీలో బహుమతిగా ఫ్లోరిడా పోస్టాఫీసు ఉద్యోగిని ఒకామెకు దక్కింది, పన్ను కట్టలేక ఆమె దాన్ని అమ్ముకోవాల్సి వచ్చింది. 2007కల్లా 28 లక్షల డాలర్లకు చేరింది.

ఆ కార్డు అంచులు మరీ నీటుగా ఉన్నాయని, ఎవరో కోసి ఉంటారని జనం ఏళ్ల తరబడి గుసగుసలాడారు. 2013లో వేలంపాటల మోసం కేసులో నేరం ఒప్పుకుంటూ మాస్ట్రో తనే ఆ పని చేశానన్నాడు, పక్క అంచులు కత్తిరించానన్నాడు. కార్డు నకిలీ కాదు, నిజంగా వందేళ్ల కిందటిదే. కానీ కోసిన కార్డుకు ఆ గ్రేడ్ రాకూడదు. ఇన్ని చేతులు మారుతున్నప్పుడు ప్రతివాళ్లూ ప్లాస్టిక్ డబ్బా మీద ఉన్న అంకె చూశారు, డబ్బాలోపలి అంచు సంగతి అడిగినవాళ్ల మాట పట్టించుకోలేదు. నాకు దీంట్లో ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

గ్రేడింగ్ వద్దని నేననడం లేదు. కావాలి. 1986లో ఫ్లియర్ కంపెనీ వేసిన బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ కార్డు లాంటివాటికి తప్పనిసరి, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువ నకిలీలు వచ్చినవాటిలో అదొకటి. అది ఎలా పట్టుకుంటారంటే, పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం పెట్టి చూస్తారు. అసలు కార్డులో బొమ్మ రంగు రంగుల చిన్న చుక్కలతో ఒక క్రమంలో అచ్చవుతుంది, పేరు, నల్ల గీతలు మాత్రం చుక్కల్లేకుండా నిండు సిరాతో ఉంటాయి. స్కాన్ చేసి మళ్లీ అచ్చేసిన నకిలీలో అక్షరాల అంచుల్లో కూడా చుక్కలు కనిపిస్తాయి. చాలా పాత కార్డులైతే అతినీలలోహిత లైటు కింద పెడతారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే కాగితానికి తెలుపు తెచ్చే రసాయనాలు బాగా వాడుకలోకి వచ్చాయి కాబట్టి 1910 నాటి కార్డు అని చెప్పి తెచ్చినది ఆ లైటులో నీలంగా మెరిసిందంటే అనుమానించాల్సిందే. ఇవేవీ టీవీలో మూడు నిమిషాల్లో జరిగేవి కావు. అక్కడ నిపుణుడు కార్డును ఒకసారి అటూ ఇటూ తిప్పి, తల ఊపి, అంకె చెబుతాడు. నిజమైన పరీక్ష కెమెరా రాకముందే అయిపోయి ఉంటుంది, లేదా అసలు అయ్యే ఉండదు, చూసే మనకు ఏదన్నది తెలియదు.

2009లో లాస్ వేగస్‌లో మొదలైన పాన్ స్టార్స్ అనే టీవీ షో మన ఇళ్లలో కూడా బాగా చూస్తారు. తాకట్టు కొట్టు, తండ్రీ కొడుకులు, బేరం, మాంచి సరదాగా ఉంటుంది. అనుకోకుండా ఎవరో తలుపు తోసుకుని వచ్చినట్టు కనిపిస్తుంది గానీ ఏ వస్తువు తెరమీదకు రావాలో ముందే ఎంచుకుంటారు, ఏ నిపుణుణ్ణి పిలవాలో కూడా ముందే మాట్లాడుకుంటారు. షూటింగ్ అంటే అలాగే ఉంటుంది. కానీ మా అబ్బాయి లాంటి పిల్లలు దాన్ని చూసి నేర్చుకునేది ఏమిటి? అనుభవం ఉన్నవాడు ఒక చూపుతో తేల్చేస్తాడని. అదీ ప్రమాదం.

అద్దె కట్టక వదిలేసిన గోడౌన్ గదులను లోపలి సామానుతో సహా వేలం వేసే స్టోరేజ్ వార్స్ అనే షోలో కనిపించిన డేవ్ హెస్టర్ 2012లో ఇంకో అడుగు ముందుకెళ్లి, వేలం వేసే గదుల్లో విలువైన వస్తువులు షో వాళ్లే పెడుతున్నారని కోర్టుకెళ్లాడు. ఆ షో భావప్రకటన స్వేచ్ఛ కిందికి వస్తుందని చానెల్ వాదించింది, దావాలో కొంత భాగాన్ని కోర్టు కొట్టేసింది, చివరికి 2014లో రాజీ అయింది. 1950ల్లో క్విజ్ షోల్లో జవాబులు ముందే చెప్పేశారని పెద్ద గొడవై 1960లో అమెరికా చట్టం మార్చారు, అయితే అది పోటీల గురించి. వస్తువుకు ధర చెప్పే షో ఆ గీటు పరిధిలో సూటిగా పడదు. నా అభిప్రాయంలో కనీసం ఒక్కటైనా తెరమీద రాయాలి: ఈ వస్తువును ముందే పరీక్షించారా లేదా, నిపుణుడికీ యజమానికీ ముందే పరిచయం ఉందా.

ధర అన్నారు కదా, దాంట్లోనూ ఒక మెలిక ఉంది. 2014లో న్యూయార్క్‌లో రోడ్‌షోకి ఒకామె 1870ల నాటి బోస్టన్ రెడ్ స్టాకింగ్స్ అనే బేస్‌బాల్ జట్టు కార్డులు, ఆటగాళ్లు రాసిన ఉత్తరం తెచ్చింది. ఆమె పూర్వీకురాలు బోస్టన్‌లో ఆ ఆటగాళ్లకు భోజనం, గది ఇచ్చిన ఇల్లు నడిపింది. నిపుణురాలు 10 లక్షల డాలర్లకు ఇన్సూరెన్స్ చేయించమంది. అది ఇన్సూరెన్స్ కోసం చెప్పిన విలువ. రేపు అమ్మితే చేతికొచ్చే మొత్తం వేరు, డీలర్ ఇచ్చేది ఇంకా వేరు. జోర్డాన్ కార్డుదీ అదే తీరు. పదికి పది గ్రేడ్ వచ్చినవే మూడొందలకు పైగా ఉన్నాయి, 2021 జనవరిలో ఒకటి 7 లక్షల 38 వేలకు పోయింది, ఆ ఏడాది గడవకముందే అలాంటిదే సగానికంటే తక్కువకు దొరికింది.

సర్టిఫికెట్ ఉంటే చాలనుకునేవాళ్ల కోసం ఇంకొక్కటి. 1990ల్లో శాన్ డియేగో కేంద్రంగా ఎఫ్‌బీఐ ఆపరేషన్ బుల్‌పెన్ పేరుతో దొంగ సంతకాల ముఠాను పట్టుకుంది. దొరికినవాటిలో మదర్ థెరిసా సంతకం పెట్టిన బేస్‌బాల్ కూడా ఉంది. దొంగ సంతకాలను అసలువేనని చెప్పే సర్టిఫికెట్లు జోడించే అమ్మారు.

కాబట్టి మీ పిల్లలు కార్డు కొనేముందు గ్రేడింగ్ కంపెనీ సైట్‌లో ఆ నంబరు కొట్టి, అక్కడున్న ఫొటోను చేతిలో ఉన్న కార్డుతో మూల మూలకూ పోల్చి చూడమనండి, ఎందుకంటే ప్లాస్టిక్ డబ్బాలకు కూడా నకిలీలొస్తున్నాయి. అమ్మేవాడు "ఫలానా టీవీ షోలో వచ్చాను" అంటే దాన్ని అర్హతగా లెక్కేయకండి. ఎవరైనా మీ ఇంటి వస్తువు నకిలీది అని చెప్పి తనే తీసుకెళతానంటే ఇవ్వకండి, ఇంకొకరికి చూపించండి. భూతద్దం, లైటు ఈ బల్ల మీదే ఉన్నాయి. కార్డులు తెచ్చినవాళ్లు ముందుకు రండి, చుక్కలు ఎలా చూడాలో చూపిస్తాను. ధర మాత్రం నేను చెప్పను.