ఆకు వెనక్కి తిరిగే నాజిల్: రెండు లీటర్ల స్ప్రేయర్ రివ్యూ

నమస్తే అండి, హనుమకొండలోని మన మిద్దె తోటకు స్వాగతం. ముందే చెప్పేస్తున్నా, ఈ స్ప్రేయర్ నేను కొన్నది కాదు, కంపెనీ వాళ్లు ఉచితంగా పంపారు. డబ్బులు తీసుకోలేదు, ఏం మాట్లాడాలో వాళ్లు చెప్పలేదు. ధర, బరువు, రంగులు వేరే వీడియోల్లో చూసే ఉంటారు, ఆ జోలికి పోను. నేను మాట్లాడేది దీని మూతి గురించి.

ఇటు చూడండి. నాజిల్ ఇలా పైకి తిరుగుతుంది. ట్యాంకు నిలువుగానే పట్టుకుని, కింది నుంచి పైకి కొట్టొచ్చు. దీనికే ఇంత సంబరమా అంటారా? మందారం పెంచేవాళ్లను అడగండి. పిండినల్లి, పేనుబంక, తెల్లదోమ... ఇవన్నీ ఎక్కువగా ఆకు వెనకాల, కొమ్మ సందుల్లో దాక్కుంటాయి. కాండం మీద చీమల బారు కనిపించిందంటే ఒకసారి ఆకు తిప్పి చూడండి. ఆ పురుగులు వదిలే తీపి జిగురు కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి. ఇక మన వరంగల్ మే నెల ఎండలకు ఎర్రనల్లి కూడా తోడవుతుంది. ఆకు మీద సన్న చుక్కలు, వెనక సాలెగూడు లాంటి దారాలు. అది ముదరక ముందే ఒట్టి నీళ్లతో ఆకు వెనక గట్టిగా కొడితే చాలా వరకు రాలిపోతుంది.

ఇంతకు ముందు నా దగ్గర ఉన్నది అద్దాలు తుడిచే లిక్విడ్ సీసా. అది వంచామా, లోపలి గొట్టం గాలి పీల్చుకుంటుంది, నీళ్లు రావు. అందుకే ఒక చేత్తో కొమ్మ వంచి, ఇంకో చేత్తో సీసా పట్టుకుని కుస్తీలు. ఇప్పుడు సాయంత్రం చాయ్ తాగి మిద్దె ఎక్కితే టైమే తెలియట్లేదు. కొత్త చిగురు, నిన్న లేని మొగ్గ, అన్నీ కింది నుంచి చూడటం మొదలైంది. మా అత్తమ్మ కింద నుంచి అరుస్తది: "చెట్లకు స్నానాలైనయా? మాకు అన్నం ఉంటదా ఇయ్యాల?"

బంతి పూల మీద మాత్రం కొట్టను. రెక్కల మధ్య నీళ్లు నిలిస్తే పువ్వు కుళ్లుతుంది. నాజిల్ తిప్పి సన్నధార చేసి మొక్క మొదట్లోనే పోస్తా. తంగేడు, గునుగు బయటి నుంచి వచ్చినా సరే, బతుకమ్మలో బంతి వరుస మాత్రం మన మిద్దె మీదిదే ఉండాలని నా పట్టు.

వేపనూనె కొట్టేవాళ్లకు ఒక మాట. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్లు చాలు. నూనె నీళ్లలో కలవదు కాబట్టి కొంచెం కుంకుడు రసం వడకట్టి పోయండి. ఎండ తగ్గాకే కొట్టండి, లేకపోతే ఆకులు మాడతాయి. ట్యాంకు మూతి దాకా నింపొద్దు. నీళ్లను తోసేది మనం పంపు కొడితే పైన చేరే గాలే, దానికి చోటు లేకపోతే నాలుగు చుక్కలు పడి ఆగిపోతుంది.

ఇప్పుడు చిరాకు. ఈ లాక్ బటన్! నొక్కి పట్టుకోకుండా ఆగకుండా కొట్టడానికే కదా లాక్ పెట్టింది? అది ఇట్టే జారిపోతుంది. బొటనవేలు నొప్పి. మా నాన్న పత్తి చేనుకు మందు కొట్టిన వీపు పంపుకు కూడా లాక్ ఉండేది, ఎన్నేళ్లయినా జారలేదు. ఇంత మంచి మూతి చేసినవాళ్లకు ఒక చిన్న స్ప్రింగ్ గట్టిది వేయడం చేతకాలేదా? మస్తు కోపం వచ్చింది.

బోరు నీళ్ల ఇళ్లల్లో నాజిల్‌కు తెల్లగా సున్నం పడుతుంది. విప్పి నిమ్మరసంలో నానబెడితే పోతుంది.

మరి కొనాలా? రెండు మనీప్లాంట్లు, ఒక తులసి ఉన్నవాళ్లకు అనవసరం, చెంబు చాలు. మందారాలు, గులాబీలు, వంగ మొక్కలు ఉంటే కొనేయండి. లాక్ మీద కోపం నాకు ఇంకా ఉంది, అయినా ఇది తిరిగి ఇవ్వమంటే ఇవ్వను. కంపెనీ వాళ్లు చూస్తుంటే, ఆ స్ప్రింగ్ మార్చి పంపండి, మళ్లీ వీడియో చేస్తా.