తొట్టి ఖాళీగా ఉండనివ్వండి

అందరికీ వందనాలు. క్రిస్మస్ రోజుల్లో ఇంటిల్లిపాదీ కలిసి ఏం చేయవచ్చో, అందులో భక్తి ఎలా ఉండాలో మాట్లాడమని నన్ను అడిగారు. ఈ మాట ఎత్తగానే చాలామంది తల్లుల ముఖంలో కనిపించేది టెన్షన్. ఇల్లు దులపాలి, బట్టలు కొనాలి, బంధువులొస్తారు, చర్చిలో పాటల ప్రాక్టీసు ఉంటుంది. పైగా ఫోన్‌లో ఎవరో చేసిన అలంకారాలు చూసి మనమూ అలా చేయాలేమోనన్న బెంగ. నేను మీ పనులు పెంచడానికి రాలేదు. ఉన్నవాటిలో ఒకటి రెండు వదిలేయమనే అడుగుతాను.

మన ఇళ్లలో క్రిస్మస్ తొందరగా వచ్చేస్తోంది. డిసెంబర్ మొదటి వారానికే స్టార్ వెలుగుతుంది, చెట్టు నిలబడుతుంది, పశువుల పాకలో బాలయేసు పడుకుని ఉంటాడు. ఇక పిల్లలు ఎదురుచూడాల్సింది ఏముంది, కానుకలు తప్ప? ఎదురుచూపు కోసమే సంఘం ఆగమన కాలాన్ని పెట్టింది. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలు. మొదటి ఆదివారం నవంబర్ 27కీ డిసెంబర్ 3కీ మధ్య ఎప్పుడైనా రావచ్చు, అందుకే ఈ కాలం ఒక ఏడాది 22 రోజులు, ఇంకో ఏడాది 28 రోజులు ఉంటుంది.

1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో యోహాన్ విచెర్న్ అనే దైవసేవకుడు పేద పిల్లల కోసం ఒక ఆశ్రమం నడుపుతుండేవారు. క్రిస్మస్ ఎప్పుడొస్తుంది, ఎప్పుడొస్తుంది అని పిల్లలు రోజూ ప్రాణం తీస్తుంటే ఆయన ఒక పాత బండి చక్రం తీసుకుని దాని మీద కొవ్వొత్తులు నిలబెట్టారు. ఆదివారాలకు 4 పెద్ద తెల్లవి, మిగతా రోజులకు 20 చిన్న ఎర్రవి. రోజుకొకటి వెలిగించేవారు. ఇవాళ చర్చిల్లో నాలుగు కొవ్వొత్తులతో కనిపించే ఆగమన చక్రానికి మూలం అదే. పచ్చని కొమ్మలు తర్వాత వచ్చి చేరాయి. రంగులు, వాటి అర్థాలు సంఘాన్ని బట్టి మారతాయి, ఆ చర్చలోకి వెళ్లను. ఇంట్లో చేయాలంటే ఒక పళ్లెం, నాలుగు కొవ్వొత్తులు చాలు. రాత్రి లైట్లు ఆపి ఒకటి వెలిగించండి. నాలుగైదు వచనాలు చదవండి, అధ్యాయం మొత్తం వద్దు. ఆర్పే పని అందరికంటే చిన్నవాళ్లకు ఇవ్వండి, పెద్దవాళ్లు పక్కనే ఉండి. ఆ ఒక్క పని కోసమైనా వాళ్లు టైముకి వచ్చి కూర్చుంటారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది యెష్షయి చెట్టు. యెష్షయి అంటే దావీదు తండ్రి. యెషయా గ్రంథం 11వ అధ్యాయంలో యెష్షయి మొద్దు నుంచి చిగురు పుడుతుందని ఉంది కదా, దాన్నిబట్టే ఈ పేరు. ఒక ఎండు కొమ్మ తెచ్చి కుండీలో గుచ్చండి. రోజుకో కథ చెప్పి, దానికి గుర్తుగా ఒక బొమ్మ చేసి ఆ కొమ్మకు కట్టండి. నోవహుకు ఓడ, యోసేపుకు రంగుల అంగీ, మోషేకు మండే పొద, దావీదుకు వడిసెల. బొమ్మలు గీయడం రాని పిల్లవాడికి రాహాబు రోజు అప్పగించండి, ఆమె కథలో కిటికీకి కట్టిన ఎర్ర దారం ఉంటుంది కాబట్టి ఒక ఎర్ర దారం ముడివేస్తే సరిపోతుంది. అయితే ముడి వేస్తూనే "రాహాబు ఎవరు?" అని అడుగుతాడు. ఆమె వేశ్య అని బైబిల్లో ఉంది. తల్లిదండ్రులు నీళ్లు నమిలేది ఇక్కడే. మాట దాటేయకండి. వయసుకు తగ్గట్టు చెప్పండి: ఊళ్లో అందరూ చిన్నచూపు చూసిన ఒక ఆవిడ తన ప్రాణానికి తెగించి ఇద్దరు ఇశ్రాయేలు వేగులవాళ్లను దాచింది, మత్తయి ఆమె పేరును యేసు వంశావళిలో రాశాడు అని. ఇలాంటి ప్రశ్న ఒక్కటి వచ్చిందంటే ఆ కొమ్మ పని చేసినట్టే. ఆ సాయంత్రం మిగతా ప్రోగ్రాం అంతా ఆగిపోయినా నష్టం లేదు.

ఇక పశువుల పాక. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో ఫ్రాన్సిస్ అనే సన్యాసి నిజమైన ఎద్దును, గాడిదను, గడ్డిని తెప్పించి యేసు పుట్టుకను జనం కళ్లకు కట్టించాడు. కొన్న సెట్ వద్దని నేను అనను కానీ, కొన్నదాన్ని పిల్లలు ముట్టుకుంటే మనం కేకలేస్తాం. చేసినదైతే వాళ్లదే. మైదా రెండు పాళ్లు, ఉప్పు ఒక పాలు, నీళ్లు ఒక పాలు కలిపి గట్టిగా పిసికితే ముద్ద వస్తుంది. బొమ్మలు చేసి నీడలో ఆరబెట్టాలి, బాగా ఆరడానికి కొన్ని రోజులు పడుతుంది. మందంగా చేస్తే పగుళ్లిస్తాయి. గొర్రె కాళ్లు విడిగా అతికిస్తే మొదట ఊడిపోయేవి అవే, కాబట్టి పడుకున్న గొర్రెను చేయండి. పాకకు ఒక అట్టపెట్టె చాలు.

పాకలో బాలయేసును పడుకోబెట్టే పశువుల తొట్టి మాత్రం 24 రాత్రి వరకు ఖాళీగా ఉండాలి. బాలయేసు బొమ్మను ఇంట్లో పెద్దవాళ్లు దాచిపెట్టండి. కొన్ని కుటుంబాల్లో ఒక మంచి పని చేసిన ప్రతిసారీ ఆ తొట్టిలో ఒక గడ్డిపోచ వేయిస్తారు. మంచి పద్ధతే, కానీ జాగ్రత్త. అన్న ఎన్ని వేశాడు, చెల్లి ఎన్ని వేసింది అనే లెక్క మొదలైతే అది మార్కుల షీట్ అయిపోతుంది. ఎవరూ చూడనప్పుడు వేయాలని షరతు పెట్టండి. పెద్దవాళ్లూ వేయాలి. కోపం దిగమింగుకున్న రోజున నాన్న వేసే పోచ కూడా అందులో ఉండాలి.

ఈ ఏడాది ఎవరినైనా పోగొట్టుకున్న ఇల్లు ఇక్కడ ఉంటే ఒక్క మాట. ఏదీ చేయబుద్ధి కాకపోతే చేయకండి. ఒక కొవ్వొత్తి వెలిగించి ఆ మనిషి పేరు పలికి ప్రార్థన చేసుకుంటే చాలు. పిల్లల ముందు ఏడుపు వస్తే రానివ్వండి.

25 తర్వాత చాలా ఇళ్లలో అన్నీ అటకెక్కేస్తాయి. నన్నడిగితే సరదా అంతా అప్పుడే మొదలు. బాలయేసును చూడడానికి తూర్పు నుంచి కానుకలతో వచ్చిన జ్ఞానులున్నారు కదా, క్రిస్మస్ నుంచి జనవరి 6 వరకు వాళ్ల బొమ్మల్ని పాక వైపు నడిపించండి. మొదటి రోజు వాళ్లు కిటికీలో ఉంటారు, మర్నాడు పుస్తకాల అలమరా మీద, ఆ తర్వాత ఫ్రిజ్ పైన. పొద్దున లేవగానే ఎక్కడున్నారో పిల్లలు వెతుక్కుంటారు. నిజానికి గొర్రెల కాపరులు, జ్ఞానులు ఒకే రాత్రి ఒకే పాకలో కలిసినట్టు సువార్తల్లో లేదు. కాపరుల సంగతి లూకా రాశాడు, జ్ఞానుల సంగతి మత్తయి రాశాడు. మత్తయి ప్రకారం జ్ఞానులు వచ్చింది ఒక ఇంటికి. అందుకని 6వ తేదీకి పాక పక్కన ఒక చిన్న అట్ట ఇల్లు కట్టి మరియనూ బిడ్డనూ అందులోకి మార్చవచ్చు.

జ్ఞానులు ముగ్గురనీ ఎక్కడా లేదు. మీ ఇంట్లో నలుగురు పిల్లలుంటే నలుగురినీ చేయనివ్వండి. వాళ్లు తెచ్చిన కానుకలు బంగారం, సాంబ్రాణి, బోళం అనే సువాసన జిగురు ముగ్గురికి సరిపోతాయి. నాలుగో జ్ఞాని చేతిలో ఏం పెట్టాలో ఆ బొమ్మ చేసిన పిల్లనే అడగండి.