ముందు పబ్బు, తర్వాతే రోడ్డు

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లండులో సైకిలు క్లబ్బులు చలికాలంలోనూ ఆదివారం ఇంట్లో కూర్చోవు. పది పదిహేను మంది కలిసి పల్లె దారుల్లో పడి, మధ్యాహ్నానికి ఏదో ఒక పబ్బు చేరి, భోంచేసి తిరిగొస్తారు. అసలు ఏ దారిన వెళ్లాలన్నది ఎలా తేలుస్తారో తెలుసా? ముందు పబ్బును ఖాయం చేసుకుంటారు. రోడ్ల సంగతి ఆ తర్వాతే.

ఇది తిండియావ అనుకోకండి. డిసెంబరు చివర్లో లండన్ ప్రాంతంలో ఎనిమిదైతేగాని సూర్యుడు కనపడడు, నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. పైగా రెండు దాటితే వంట కట్టేసే పబ్బులుంటాయి. చెప్పాపెట్టకుండా అంతమంది దిగితే వంటవాడు మాత్రం ఏం చేస్తాడు? అందుకే ముందే ఫోను చేస్తారు.

దారి పొడుగునా బురద. ముందువాడి చక్రం చిమ్మేదంతా వెనకవాడి మొహానికే. మడ్‌గార్డు ఒక్కటే చాలదని, పాల సీసా ప్లాస్టిక్కు కోసి దాని చివర వేలాడదీసేవాళ్లూ ఉన్నారు. తన బట్టలకు దానివల్ల ఒరిగేదేమీ లేదు, వెనకవాడి కోసం ఆ తంటా. గుంత కనపడితే ముందువాడు చెయ్యి చూపించి అరుస్తాడు, ఆ కేక వెనక్కి పాకుతుంది. చిట్టచివర ఎవరూ వెనకబడకుండా చూసే మనిషొకడు.

పబ్బులో అడుగుపెడితే పెడలుకు పట్టేలా బూట్ల కింద బిగించిన ఇనుప బిళ్లలు నేలమీద టకటకలాడతాయి. తడిసిన గ్లౌజులన్నీ నెగడు పక్కకి చేరతాయి. మన దగ్గరికి ఎవరూ రారు, కౌంటరుకెళ్లి మనమే చెప్పాలి. నన్నడిగితే సూపు, రొట్టె చాలు. వేయించిన మాంసం, బంగాళాదుంపలు, గ్రేవీతో ప్లేటు నింపుకున్నవాడి సంగతి తిరుగు దారిలో మొదటి మిట్ట ఎక్కేటప్పుడే తెలిసిపోతుంది. మందు కూడా అర గ్లాసుతో ఆపడం మంచిది. తాగి సైకిలు తొక్కడం అక్కడ నేరం.

సైకిళ్లవాళ్లకూ పబ్బులకూ ఈ పొత్తు పాతదే. 1878లో హారోగేట్‌లో పుట్టిన క్లబ్బు తర్వాత సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్ అయింది. తమవాళ్లకు తిండి, బస ఇచ్చే సత్రాలతో ఒప్పందాలు చేసుకుని, గోడకి రెక్కల చక్రం గుర్తు పెట్టించేది. 1898లో సర్రీలోని ఓకమ్ ఊళ్లో ఒక హోటలుకు ఆ క్లబ్బు సభ్యురాలు లేడీ హార్బర్టన్ అనే ఆవిడ స్కర్టు కాకుండా వదులు లాగు తొడుక్కుని సైకిలు మీద వచ్చి భోజనం అడిగింది. ఆ వేషంతో కాఫీ రూములోకి, అంటే భోజనాల గదిలోకి రానివ్వను, బారు పక్క గదిలోనైతే పెడతానంది హోటలావిడ. క్లబ్బు ఊరుకోలేదు, కోర్టుకీడ్చింది. కేసు మాత్రం ఓడిపోయింది: వేరే గది చూపించారు కదా, భోజనం పెట్టననలేదు కదా అన్నది హోటలావిడ వాదన. ఆమె చూపించిన గదిలో మగాళ్లు పొగ తాగుతున్నారన్నది వేరే విషయం.

ఇప్పుడు లాగు గొడవ లేదు, గడియారం గొడవే. చీకటి పడ్డాక ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు ఉండి తీరాలని చట్టం. అందుకని పుడ్డింగు తెప్పించుకునేవాడిని మిగతావాళ్లు హెల్మెట్లు పెట్టుకుని మరీ తొందరపెడుతుంటారు.