ముందు టేపు, తర్వాత స్ట్రిప్

ఆశా అక్కచెల్లెళ్లకు, ఏఎన్ఎంలకు నమస్కారం.

మన పీహెచ్‌సీకి షుగర్ ఉన్న మనిషి తొలిసారి ఎప్పుడొస్తాడు? చాలామంది కాలిపుండు మానకపోతేనో, చూపు మసకబారితేనో వస్తారు. అప్పటికే లోపల ఏళ్ల తరబడి నష్టం జరిగిపోయి ఉంటుంది. మొదట్లో ఏ బాధా ఉండదు కాబట్టి పరీక్షకు రావాలని ఎవరికీ తోచదు. అందుకే మనమే వాళ్ల గడపకు వెళ్లాలి.

చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ 2005లో మన దేశస్థుల కోసమే, షుగర్ వచ్చే ముప్పు ఎంతో మార్కుల్లో చెప్పే ఒక లెక్క కట్టింది. వయసు, నడుము చుట్టుకొలత, ఒంటిశ్రమ, అమ్మానాన్నల్లో ఎవరికైనా షుగర్ ఉందా, అంతే. వందకు 60 గానీ ఆపైన గానీ వస్తే ముప్పు ఎక్కువ. మీరు 30 ఏళ్లు దాటినవాళ్లకు ఇంటింటా నింపే సీబీఏసీ (ఆరోగ్య ముప్పు అంచనా) ఫారంలోనూ ఈ ప్రశ్నలున్నాయి.

ఒక టైలరమ్మను తీసుకుందాం. వయసు 36, దానికి 20 మార్కులు. నడుము 82 సెంటీమీటర్లు, 10. తల్లికి షుగర్, ఇంకో 10. పొద్దస్తమానం మిషన్ ముందే, వేరే వ్యాయామం లేదు, 30. మొత్తం 70! చూస్తే సన్నగా ఉంటుంది, ఈమెకెందుకులే అనుకుని పక్కింటికి వెళ్లిపోతాం.

నడుము కొలిచేటప్పుడు జాగ్రత్త. లంగా బొందు కట్టుకున్నచోట, చీర మడతల మీద టేపు పెడితే లెక్క తప్పుతుంది. చివరి పక్కటెముక ఎక్కడుందో, తుంటి ఎముక పైఅంచు ఎక్కడుందో వేలితో తడిమి చూసి, రెండింటికీ సరిగ్గా మధ్యన చుట్టండి. టేపు తీయగానే అందరూ పొట్ట బిగబడతారు. కాస్త మాటల్లో పెట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడండి. ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 నుంచి మార్కులు మొదలు.

అరవై వచ్చినంతమాత్రాన షుగర్ ఉన్నట్టు కాదని అక్కడే చెప్పండి, లేకపోతే భయంతో అసలు రారు. పరగడుపు రక్తపరీక్షలో 126, ఆపైన వస్తే మరోరోజు మళ్లీ చేసి నిర్ధారిస్తాం. 100 నుంచి 125 వస్తే బోర్డర్, అంటే షుగర్ ఇంకా రాలేదు గానీ అంచున ఉన్నట్టు.

నాకు ఈ బోర్డర్‌వాళ్ల మీదే ఎక్కువ ఆశ. గ్లూకోజ్ తాగించి చేసిన పరీక్షలో ఇలా మధ్యలో తేలినవాళ్లను చెన్నైలో మూడేళ్లు గమనించి, 2006లో ఫలితాలు ప్రకటించారు. మామూలు సలహాతో వదిలేసినవాళ్లలో వందకు 55 మందికి షుగర్ వచ్చింది. తిండి, నడక మార్చుకునేలా వెంటపడినవాళ్లలో 39 మందికే. మందు బిళ్ల లేకుండానే!

కూలికి వెళ్లేవాళ్లు మన ల్యాబ్ తెరిచేలోపే చద్దన్నం తిని పొలంలో ఉంటారు. అందుకని వచ్చే సోమవారం నుంచి ల్యాబ్ ఆరున్నరకే తెరుస్తాం. అరవై మార్కులు, ఆపైన వచ్చి ఇంకా పరీక్షకు రానివాళ్ల పేర్లు ముందురోజే నాకు రాసివ్వండి.