థర్మోస్టాట్ పోయిందో లేదో పైపు పట్టుకుంటే తెలుస్తుంది

ఒక బండి పావుగంట తిరిగినా టెంపరేచర్ ముల్లు కిందే ఉంది. ఇంకో బండికి కాసేపటికే ముల్లు ఎరుపు గీత దాకా ఎక్కేసింది. జబ్బులు వేరు, కానీ రెండింటికీ మూలం ఈ చిన్న వస్తువే కావచ్చు. ఇదిగో, థర్మోస్టాట్.

మధ్యలో ఈ గుళిక చూడండి, లోపల మైనం ఉంటుంది. వేడికి అది కరిగి ఉబ్బి వాల్వును తోస్తుంది. అప్పుడే కూలెంట్, అంటే ఇంజన్ వేడిని లాక్కునే ద్రవం, చల్లారడానికి రేడియేటర్‌లోకి వెళ్తుంది. ఎన్ని డిగ్రీల దగ్గర తెరుచుకోవాలో దాని మీదే ముద్ర కొట్టి ఉంటుంది. దీని మీద 82 ఉంది.

ఇక పరీక్ష. ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి. ముందు కూలెంట్ లెవెల్ చూడండి. అది తక్కువగా ఉంటే థర్మోస్టాట్‌ను తిట్టి లాభం లేదు. వేడి మీద మాత్రం రేడియేటర్ మూత తిప్పకండి, మరిగిన కూలెంట్ మొహం మీదికి ఎగజిమ్ముతుంది.

ఇప్పుడు స్టార్ట్ చేసి, రేడియేటర్ పై పైపును అప్పుడప్పుడూ ముట్టుకుని చూడండి. చెయ్యి ఫ్యానుకీ బెల్టుకీ దూరంగా ఉండాలి. మొదట్లో పైపు చల్లగానే ఉండి, ముల్లు మధ్యకొచ్చే వేళకి గబుక్కున వేడెక్కాలి. ఆ గబుక్కున అన్నదే కీలకం. అలా కాకుండా మొదటి నిమిషం నుంచే మెల్లమెల్లగా వెచ్చబడుతోందా? వాల్వు తెరుచుకునే ఉండిపోయింది. ముల్లు పైకి పోతున్నా పైపు చల్లగానే ఉందా? మూసుకుని బిగుసుకుపోయి ఉండొచ్చు. వెంటనే ఇంజన్ ఆపేయండి, లేదంటే హెడ్ (ఇంజన్ పై భాగం) వంగుతుంది, దాని కింద ఉండే గాస్కెట్ అనే సీలు పోతుంది. కూలెంట్‌ను తిప్పే వాటర్ పంపు పాడైనా, కూలెంట్ దారిలో గాలి చిక్కుకున్నా ఇలాగే ఉంటుంది కాబట్టి అవీ చూడాలి. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ కింది పైపు వైపు ఉంటుంది, వాటికి ఆ పైపునే పట్టుకుని చూడాలి.

"తీసి పారేయ్, బండి చల్లగా ఉంటుంది" అనేవాళ్లుంటారు. నాకు నచ్చని సలహా అదే. ఇంజన్ వేడెక్కక కంప్యూటర్ ఇంధనం ఎక్కువ పోస్తూనే ఉంటుంది, మైలేజీ పడిపోతుంది. లోపాలు చదివే స్కానర్ పెడితే చాలా బండ్లలో పి0128 కోడ్ కనిపిస్తుంది, అంటే ఇంజన్ తగినంత వేడెక్కడం లేదని.

అనుమానం తీరకపోతే బయటికి తీసి, గిన్నెలో నీళ్లు పోసి, అడుగు తగలకుండా దారంతో వేలాడదీసి, నీళ్లు వేడి చేయండి. పక్కనే థర్మామీటర్. నేను ఇప్పుడు అదే చేస్తున్నా. 80... 85... 90 దాటింది. 95. చూశారా, సందు కూడా ఇవ్వలేదు. కొత్తది వేయాల్సిందే, సీలుతో సహా.